సింహాసనం పీపా

ఆ రాజ్యంలో చెట్టు కొడితే చెయ్యి కొట్టేవాళ్ళు. అందుకని అక్కడ పీపాలన్నీ పాత సామాను చెక్కలతోనే చేసేవాళ్ళు.

ఆ పీపాల్లో సారా దాచేది తవిటమ్మ. కోట వెనకాల వాగు గట్టున ఆవిడ బట్టీ. గింజలు నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, దంచి, కుండల్లో పులియబెట్టి, ఆ పులిసినదాన్ని కాచి ఆవిరి పట్టేది. ఆవిరి చల్లారితే సారా. అప్పుడే దిగిన సారాకి రంగుండదు, రుచుండదు, మంటొక్కటే ఉంటుంది. దాన్ని కొయ్య పీపాలో పోసి రెండు మూడు వానాకాలాలు మరిచిపోతే బెల్లం పానకం రంగు తేలి, చెప్పిన మాట వింటుంది. ఇప్పుడు మీరు సీసాల్లో కొనుక్కొచ్చుకుని విస్కీ అంటున్నారే, దానికి ముత్తవ్వ అనుకోండి.

పీపాలు చేసేది ఆవిడ మరిది అసిరయ్య. ఎవరింట్లో ఏ కొయ్య సామాను విరిగిందన్నా తింటున్న కంచం ముందునించి లేచి పరిగెత్తేవాడు. దాన్ని పలకలుగా కోసి, సెగ చూపించి వంచి, ఇనప పట్టీలు బిగించి, లోపలంతా మంటపెట్టి నల్లగా కాల్చేవాడు. కాలిస్తేనే కొయ్య నోరు విప్పుతుందనేవాడు.

కొయ్య నోరు విప్పడంతోనే వచ్చింది చిక్కంతా. విరిగిన ఉయ్యాలతో చేసిన పీపాలో సారా తాగినవాళ్ళు రెండో గుక్కకే బొటనవేలు నోట్లో పెట్టుకుని నిద్రపోయారు. పడవ చెక్కల పీపాలోది తాగినవాళ్ళు కూచున్నచోటే ఊగుతూ "ఒడ్డెప్పుడొస్తుంది?" అని అడిగారు. చావిడి తలుపు పీపాదైతే మరీ అన్యాయం. అది తాగినవాడు ఎవరింటికెళ్ళినా గుమ్మంలో నిలబడి కిర్రుమనేవాడు, లోపలికి రాడు, బయటికి పోడు.

ఇంకొకరైతే భయపడి బట్టీకి తాళం వేసుకుందురు. తవిటమ్మకి పండగైపోయింది. ఏ కొయ్యలో ఏ గింజ పోస్తే ఏమవుతుందో చూడాలని ఒకటే ఆరాటం. ఉయ్యాల పీపాలో చోళ్ళ సారా పోసింది, జనం నిద్రలో నవ్వారు. జొన్న సారా పోసింది, నిద్రలో తగువులాడుకున్నారు. కొర్రల సారా పోస్తే మాత్రం ఏమీ కాలేదు, పక్క తడిపారు అంతే.

ఆఖర్న పీపా మార్చడమనే కిటుకు కూడా ఆవిడే కనిపెట్టింది. పడవ పీపాలో ఏళ్ళ తరబడి ఉన్న సారాని తోడి, అంతకుముందు తేనె దాచిన పీపాలో ఒక్క నెల ఉంచేది. పెళ్ళికొడుకు ముస్తాబంతా అయ్యాక ఆఖర్న అత్తరు రాసినట్టన్నమాట. ఆ తరవాత కూడా జనం ఊగేవాళ్ళు గానీ, ఒడ్డు గురించి బెంగపెట్టుకునేవాళ్ళు కాదు.

తవిటమ్మకి గర్వం లేదని నేననను. "నా నాలిక్కి తెలీని కొయ్య నేదు" అనేది. ప్రతి పీపాలోంచీ రోజూ ఒక చుక్క నాలిక మీద వేసుకోవడం ఆవిడ అలవాటు. ఆస్తి అంటారా, ఆ బట్టీ ఒకటి, పొయ్యి ముందు వేసుకునే మద్దిచెక్క పీట ఒకటి. పీట మీద కూచునేదని అనడం మాటవరసకే. మంట తగ్గిందని లేచేది, కుండ పొంగిందని లేచేది, మేక గింజల్లో మూతి పెట్టిందని లేచేది. అది ఆవిడ అత్తగారి నాటి పీట. దాని మీద ఆ ఇంటి ఆడది ఎవత్తీ ఒక్క తాంబూలం నమిలేంతసేపైనా కుదురుగా కూచున్న పాపాన పోలేదు.

ఇక రాజుగారి సంగతి. ఆ దేశాల్లో కిరీటాలు లేవు. సభలో అందరూ నిలబడి ఉండగా కూచున్నవాడే రాజు, గుర్తు అంతే. సభలో వాళ్ళకి చాపలుండేవి గానీ, రాజు కంటపడగానే లేచి నిలబడాలి. ఈ ఏర్పాటు రాజుగారికి ఎంత నచ్చిందంటే, పట్టాభిషేకం నాడు సింహాసనం మీద కూచున్నవాడు మళ్ళీ లేవలేదు. తిండి అక్కడే, నిద్ర అక్కడే. స్నానం సంగతి నన్నడక్కండి. రాణిగారు రమ్మని కబురు పెడితే, "లేస్తాను. కాసేపాగి" అని చెప్పి పంపేవాడు. ఆ కాసేపులో రాణిగారికి జుట్టు నెరిసిపోయింది.

అంతటి రాజుని లేపింది శత్రువులు కాదు, నల్లులు. ఒకరోజు నిండు సభలో కెవ్వుమని ఎగిరి అవతల పడ్డాడు. చూస్తే సింహాసనం సందుసందునా నల్లులే, బలిసి చింతగింజల్లా ఉన్నాయి. దాన్ని తగలెయ్యమని పెరట్లో పారేయించాడు.

ఈ కబురు అసిరయ్యకి ఎలా చేరిందో గానీ, వదినని వెంటేసుకుని రెక్కలు కట్టుకుని వాలాడు. "కాల్చకండి బాబూ! పాత టేకు, ఇలాటిది మళ్ళీ దొరకదు. పీపా సేసుకుంటాను."

రాజుకి ఆ మాట వినగానే ఒక ముచ్చట పుట్టింది. "నా సింహాసనం పీపాలో సారా తాగినవాళ్ళు ఏమవుతారు?" అని అడిగాడు.

"రాజులైపోతారు మారాజా!" అంది తవిటమ్మ. బుర్ర ఆలోచించేలోపల నోరు పనికానిచ్చేసింది.

రాజు ముఖం మతాబాలా వెలిగింది. మూడో వానాకాలం వెళ్ళాక పొరుగు రాజు చుట్టపుచూపుగా రాబోతున్నాడు. ఆ రోజున తన గొప్పతనం ఎలాంటిదో తన సభ గుక్కలు గుక్కలుగా తెలుసుకోవాలి, పొరుగువాడు చూసి కుళ్ళుకోవాలి. "అలా కాకపోతే?" అన్నాడు.

"కాకపోతే నా బట్టీ పగలగొట్టించండి."

అసిరయ్య వెనకనించి గిల్లాడు గానీ అప్పటికే ఆలస్యమైపోయింది.

"పగలగొట్టించి, నిన్ను ఏరు దాటించేస్తాను. మళ్ళీ ఈ గట్టు తొక్కనివ్వను" అన్నాడు రాజు. "కొత్త సింహాసనం మాట, పాతదాని రుచి చూశాక ఆలోచిద్దాం. అందాకా నేను దేని మీద కూచోను?"

చెట్టు కొట్టకూడని రాజ్యంలో ఖాళీగా ఉన్న ఆసనం వెంటనే ఎక్కడ దొరుకుతుంది? అసిరయ్య పరిగెత్తుకెళ్ళి వదిన పీట తెచ్చి వేశాడు.

మూడు వానాకాలాలు తవిటమ్మ నిలబడి సారా కాచింది. బట్టీ నేలంతా బురదా బూడిదా, ఇంకెక్కడ కూచుంటుంది? నిలబడి తినేది, నిలబడి తిట్టేది, పొద్దుపోయాక ఒళ్ళు వాల్చడమే గానీ కూచోవడమన్నది ఎరగదు. సింహాసనం పీపాలో ఏ గింజ సారా పొయ్యాలా అని వారం పది రోజులు మథనపడి, చివరికి సజ్జలు ఖాయం చేసింది. నల్లుల్ని మాత్రం అసిరయ్య ముందే కాల్చేశాడు. "రాజవంశం రక్తం తాగినవి, పాపం" అని కాస్త బాధపడ్డాడు కూడా.

బట్టీ కొట్టంలో ఒక సంగతి జరిగింది. పీపాల్లో సారా ఏటేటా కొంత గాలికి ఎగిరిపోతుందని మీకు తెలిసే ఉంటుంది. అలా ఎగిరినదాన్ని పీల్చి దూలాల మీద బల్లులు మందెక్కి తిరిగేవి. ఉయ్యాల పీపా పైన బల్లి గురకపెట్టేది. పడవ పీపా పైన బల్లి ఊగేది. సింహాసనం పీపా పైన బల్లి మాత్రం దూలాన్ని నాలుగు కాళ్ళతో కరుచుకుని కదలడం మానేసింది. మూతి ముందు దోమ వాలినా తినలేదు, పక్కనించి ఇంకో బల్లి పోతే మాత్రం గుర్రుమంది.

"వదినా, దీని వాలకం సూడు" అన్నాడు అసిరయ్య.

"అరగక పడున్నాది. దాని గొడవ మనకెందుకు?" అని తవిటమ్మ పీపాలోంచి ఆ పూట చుక్క తీసి నాలిక మీద వేసుకుంది.

"ఏటి రుచి?"

"మెత్తగా ఉన్నాది. నోట్లో పడ్డాక వదలబుద్ది కాదు" అని చప్పరిస్తూ నిలబడింది. బల్లి చెప్పాల్సిందంతా చెప్పింది, విననిది ఆవిడే. నాలిక మీద అంత నమ్మకం ఉన్నవాళ్ళకి కళ్ళు ఎందుకు పనికొస్తాయి చెప్పండి!

ఈలోగా కోటలో ఇంకో చోద్యం. పీట మీదికి మారిన రాజు మాటిమాటికీ లేవడం మొదలుపెట్టాడు. పెరట్లోకి వెళ్ళి కాకర పాదు చూసొచ్చేవాడు. రాణిగారి దగ్గరికి వెళ్ళి, జుట్టు ఎప్పుడు నెరిసిందని ఆశ్చర్యపోయేవాడు. ఎక్కడికెళ్ళినా పీట చంకలో పెట్టుకుని వెళ్ళేవాడు. నడుం నెప్పి తగ్గింది, అరుగుదల బాగుపడింది. ఇదంతా తన జాతకబలం అనుకున్నాడు.

చెప్పిన రోజు రానే వచ్చింది. పొద్దుగూకేవేళకి పొరుగు రాజు వస్తాడు. ముందు సభలోవాళ్ళకి రుచి చూపిద్దామని మధ్యాన్నం తిరగ్గానే పీపా తెప్పించి గుక్కెడు గుక్కెడు పోయించారు. రాజు కొత్త పంచె కట్టుకుని, పీట చంకలో పెట్టుకుని దర్జాగా సభలోకొచ్చాడు.

ఒక్కడు లేవలేదు.

దివానుగారు చాప అంచులు రెండు గుప్పిళ్ళతో పట్టుకుని కూచున్నాడు. సేనాధిపతి తన డాలు కింద వేసుకుని దానిమీద బాసింపట్టు వేశాడు. వంటాయన కత్తిపీట మీద కూచుని, కింద ఏమవుతోందో తెలిసి కూడా లేవట్లేదు. పురోహితుడు ఏమీ దొరక్క గుమ్మడికాయ మీద కూచున్నాడు. పక్కవాడు తనది లాక్కుంటాడేమోనని ఒకళ్ళనొకళ్ళు కొరకొరా చూసుకుంటున్నారు.

"ఏమయ్యా, రాజొచ్చాడు, కనపడట్లేదా?" అని అరిచాడు రాజు.

"లేస్తాం మహాప్రభూ. కాసేపాగి" అన్నారు అందరూ.

స్తంభం పక్కన నిలబడ్డ తవిటమ్మకి పైప్రాణం పైనే పోయింది. అసిరయ్య ఆవిడ చెవిలో, "నువ్వన్నట్టే అయ్యింది కదేటి, అందరూ రాజులైపోయారు" అన్నాడు. "నోర్ముయ్యి" అంది తవిటమ్మ.

రాజు విసురుగా ఒక గిన్నెడు సారా తెప్పించుకుని, పీట వేసుకుని కూచుని గటగటా తాగాడు. పెదాలు తుడుచుకున్నాడు. మళ్ళీ చప్పరించాడు. "ఇందులో రుచేముంది? ఉత్త నీళ్ళు! మూడేళ్ళు కాచి నాకు నీళ్ళు పోస్తావా? నాకు నీళ్ళు పోసి, వీళ్ళకేదో మందు పెట్టావు. పొద్దుగూకేలోగా వీళ్ళు లేచి నిలబడాలి. లేకపోతే నీ బట్టీ ఉండదు, నువ్వూ ఉండవు!"

తవిటమ్మకి ఏడుపొచ్చింది. ఆ బట్టీలో ఆవిడ అత్త కాచింది, అత్తకి అత్త కాచింది. ఏరు అవతల ఆవిడకి తెలిసిన కుండ లేదు, తెలిసిన పొయ్యి లేదు. బుడబుడమనే ఆ చప్పుడు వినకుండా ఒక్క పూట బతకడమెలాగో ఆవిడకి తెలీదు. కొంగుతో కళ్ళు తుడుచుకుంటుంటే ఏటి అవతల పొరుగు రాజు డప్పులు వినపడ్డాయి.

"వదినా, ఏడుపు తరవాత. ఆఖర్న పీపా మార్చాల" అన్నాడు అసిరయ్య.

"దేంట్లోకి మారుస్తావు? ఏ కొయ్యకి లేవడం తెలుసు?"

ఇద్దరూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. తరవాత ఇద్దరూ కలిసి రాజుగారి కిందికి చూశారు.

"మారాజా, ఒక్కసారి ఆ పీట ఇప్పించండి. వీళ్ళని ఇట్టే లేపేస్తాను" అంది తవిటమ్మ చేతులు జోడించి.

"ఇస్తాను. కాసేపాగి" అన్నాడు రాజు, పీట అంచులు రెండు చేతులా పట్టుకుని. ఏళ్ళ తరబడి ఆ కొయ్యలోనే ఊరినవాడికి దాని రుచి తెలీలేదు గానీ, నీళ్ళలా ఉందన్న ఆ సారా పాత జబ్బుని తిరగబెట్టింది.

తవిటమ్మ బతిమాలింది. రాణిగారు వచ్చి బతిమాలింది. డప్పులు ఏరు దాటాయి. అప్పుడు అసిరయ్య నింపాదిగా దగ్గరికెళ్ళి, వంగి పీట సందులోకి చూసి, "అయ్యబాబోయ్, నల్లులు!" అన్నాడు.

రాజు ఎంత ఎత్తున ఎగిరాడో ఆ సభలోవాళ్ళు తరవాత చాలాకాలం చెప్పుకున్నారు. ఆయన కిందికి దిగేలోపల పీట అసిరయ్య గొడ్డలి కింద ఉంది.

దాన్ని పీపాగా చేసే తీరిక ఎక్కడుంది? ముక్కలు చేసి, అక్కడే పొయ్యి రాజేసి, నిప్పుల మీద నల్లగా కాల్చి, మిగిలిన సారాలో ఆ ముక్కలే వేసి సన్నసెగ మీద పెట్టారు. నెల పట్టే పని కునుకుపాటులో కానిచ్చారు. మద్దిచెక్క వాసన గుప్పుమంది. తవిటమ్మ గరిటె తిప్పుతూ, "అత్తా, నీ పుణ్యముంటాది, లేపియ్యే వీళ్ళని" అని గొణుక్కుంది.

మొదటి గుక్క దివానుకి పోశారు. ఆయన చాప వదిలేసి, మంట తగ్గిందేమో చూడాలన్నట్టు గబుక్కున లేచాడు. పురోహితుడు గుమ్మడికాయ దిగి, లేని మేకని అదిలించాడు. వంటాయన లేచి వెనక్కి తడుముకుని గట్టిగా అరిచాడు. సేనాధిపతి మాత్రం రెండు గిన్నెలకి కూడా డాలు వదల్లేదు. చివరికి అడుగున ఉన్న బొగ్గు ముక్కలన్నీ ఆయన నోట్లో పోసి నమిలిస్తే అప్పుడు లేచాడు.

అడుగున ఒక్క గుక్క మిగిలింది. తవిటమ్మ అలవాటు చొప్పున వేలు ముంచబోయింది. "ఇలా తే" అని రాజు గిన్నె లాక్కుని తాగేశాడు.

తాగి, గిన్నె అడుగు కూడా నాకాడు. "ఇందులో రుచుంది" అన్నాడు. "ఏముంది ఇందులో?"

"మా అత్త ఉంది బాబూ. నేనున్నాను. ఒక మేక కూడా ఉన్నాది."

రాజు తన కాళ్ళకేసి చూసుకున్నాడు. కూచోడానికి ఏమీ లేదు, కూచోవాలనీ లేదు. వేళ్ళు కదిపి చూసుకుని చిన్నగా నవ్వాడు. "నీ బట్టీ నీకే. పో" అన్నాడు.

ఆ మాట విన్నాకే తవిటమ్మకి తన కాళ్ళు గుర్తొచ్చాయి. మూడు వానాకాలాలు నిలబడ్డ కాళ్ళు అవి. అమ్మయ్య అనుకుని, స్తంభానికి చేరబడి, ఆ నున్నటి గచ్చు మీద చతికిలబడింది. ఆ క్షణంలో ఆవిడంత సుఖపడ్డ మనిషి ఆ రాజ్యంలో లేదు.

సరిగ్గా అప్పుడే పొరుగు రాజు లోపలికొచ్చాడు. సభంతా కలయజూశాడు. దివాను నిలబడున్నాడు, సేనాధిపతి నిలబడున్నాడు, కొత్త పంచె కట్టుకున్న ఎవరో పెద్దమనిషి నిలబడి కాలివేళ్ళు చూసుకుంటున్నాడు. కూచున్నది ఒక్కరే. పొరుగు రాజు తిన్నగా స్తంభం దగ్గరికి వెళ్ళి, తవిటమ్మ ముందు వంగి దణ్ణం పెట్టాడు.

సభ గొల్లుమంది. రాజుగారు కడుపు పట్టుకుని మరీ నవ్వాడు. తవిటమ్మకీ నవ్వాగలేదు. "అయ్యో బాబూ, నేనేటి రాజేటి! సారా కాచుకునేదాన్ని. లేస్తన్నానుండండి" అని, లేవడానికి రెండు అరచేతులూ నేలకి ఆనించింది.

ఆ చేతులు అక్కడే ఉండిపోయాయి.

మెత్తగా ఉంది. ఉత్త గచ్చు నేలే, అయినా మెత్తగా ఉంది. వదలబుద్ధి కాలేదు. రోజూ ఒక చుక్క నాలిక మీద వేసుకుంటూ నిలబడ్డ మూడు వానాకాలాలూ ఇప్పుడు ఆవిడతోపాటు కూచున్నాయి. పక్కన నిలబడ్డ దివానుకేసి కొరకొరా చూసి, తవిటమ్మ కాస్త ఇటు జరిగి కూచుంది.

అసిరయ్య నవ్వు ఆగిపోయింది. బల్లి గుర్తొచ్చింది వాడికి. ఒక్క ఉరుకున పీపా దగ్గరికి వెళ్ళి అడుగంతా తడిమాడు, పొయ్యిలో బూడిద కెలికాడు. పీట మొత్తం అయిపోయింది.

రాజు కూడా నవ్వడం మానేశాడు. ఆ పట్టు ఎలా ఉంటుందో ఆయనకి తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది? దగ్గరికొచ్చి వంగి, చెయ్యి అందించాడు.

"లే, తవిటమ్మా. బట్టీలో కుండ పొంగుతుంటుంది."

తవిటమ్మ ఆ చేతికేసి చూసింది. వాగు వైపూ ఒకసారి చూసింది.

"లేస్తాను" అంది. "కాసేపాగి."